ముద్ర కింద అక్షింత

కోనంపేట ఆడపిల్లల హైస్కూల్లో పదో తరగతి పిల్లలు ఇవాళ్టికీ నేల మీద వంగి కూర్చుని రాస్తున్నారంటే దానికి కలప కరువు కారణం కాదు. పనిచేసే చేతులు లేకపోవడమూ కాదు. కారణం మీరు. బడులకు చెక్క సామాను చేసిపెట్టే రాష్ట్ర దారు సామగ్రి సంస్థ పెద్దలూ, మీరే! ఒక్క బియ్యపు గింజకు నాలుగు నెలలు కాపలా కాసి నూట ఇరవై బల్లల్ని ఊగులాడించిన ఘనత మీది. కాదంటారా? అయితే జరిగింది జరిగినట్టు వినండి. మధ్యలో లేచి ఫైలు తెమ్మనకండి. ఫైలు సంగతీ ఇందులోనే వస్తుంది.

కాళిక మీ కోనంపేట వర్క్‌షాపులో చెక్కను తొలిచే రౌటర్ మిషను నడుపుతుంది. ముప్ఫై నాలుగేళ్ల మనిషి. ఉలీ కొడతీ తండ్రి దగ్గర నేర్చుకుంది. రౌటర్ మాత్రం తనంతట తానే నేర్చుకుంది, మొదటి ఏడాది రెండు వేళ్ల గోళ్లు దానికి సమర్పించుకుని. సెప్టెంబరులో ఆమె దగ్గరికి హైస్కూలు హెడ్మాస్టరమ్మ సువర్ణ వచ్చింది. ఆఫీసు గదికి పోలేదు. నేరుగా రంపపు పొట్టులోకే వచ్చి నిలబడింది.

“కాళికా, మార్చిల మా బడిని పరీక్ష సెంటర్ చేస్తమంటున్నరు. పరీక్షల బోర్డోళ్లు ఫిబ్రవరి ఇరవై నాలుగున చూడనీకి వస్తరు. కదలకుండ నిలబడే బల్లలు నూట ఇరవై ఉంటెనే సెంటర్. లేకుంటె పిల్లలు ఎప్పటి లెక్కనే ఇరవై ఆరు కిలోమీటర్లు పోవాలె. పొద్దుగాల బస్సు లేదు. పోయినేడు తొమ్మిదిమంది అసలు పరీక్షకే పోలేదు. అందరు తండాల పిల్లలే.”

కాళిక నోట్లోని పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకుంది.

“బల్లకు నాలుగు బెజ్జాలు. నూట ఇరవై బల్లలకు నాలుగు వందల ఎనభై. చేతితోని అయితె ఒడవదు టీచర్. ఫర్మా చేసుకుంటె అయితది. జనవరికల్ల ఇస్త.”

“ఇచ్చుడు కాదు. ఊగొద్దు.”

“ఊగితె నన్నడుగు.”

ఆ మాట అన్నది కాళిక. గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత మీరెవరూ అలాంటి మాట ఒక్కటీ అనలేదు.

ఫర్మాలో పెద్ద మాయ ఏమీ లేదు. ఒక ప్లైవుడ్ పలక, దాని మధ్యలో పొడుగాటి గాడి. రౌటర్ ఆ గాడి వెంట నడిస్తే కింద బిగించిన బల్ల కాలిలో అంతే కొలతకు బెజ్జం పడుతుంది. పలక అడుగున ఒక ఆనుడు పట్టీ ఉంటుంది. కాలిని దానికి ఆనించి బిగిస్తారు. ఫర్మా ప్రాణమంతా ఆ పట్టీలోనే ఉంది. అది వంకరపోతే బెజ్జం వంకరపోతుంది. ఆ బెజ్జంలో దిగే కుసి, అంటే అడ్డకర్ర కొసన చెక్కిన నాలుక, అదీ వంకరగానే దిగుతుంది. చివరకు బల్ల మొత్తం మెలిక తిరిగి మూడు కాళ్ల మీద నిలబడుతుంది.

కాళిక ఆ పట్టీని బిగించడానికే రెండు రోజులు తీసుకుంది. మూలమట్టం పెట్టి చూసింది, మరలు వదులు చేసింది, గోటితో తట్టి జరిపింది, మళ్లీ బిగించింది. రౌటర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో రెండు కొసలా చెక్క ముక్కలు కొట్టింది. పనికిరాని కాలొకటి తెచ్చి బెజ్జం వేసింది. తర్వాత ఆ కాలిని వెనకా ముందూ తిప్పి బిగించి, అదే బెజ్జంలో మళ్లీ రౌటర్ నడిపింది. రౌటర్ కొసన తిరిగే బిట్టు బెజ్జం ఏ గోడనీ గీకలేదు. బెజ్జం నడిమధ్యన పడిందనడానికి అంతకన్నా సాక్ష్యం లేదు. కుసిని అరచేత్తో నొక్కితే మెత్తగా దిగింది. తలకిందులు చేస్తే జారలేదు.

వర్క్‌షాపు పెద్ద మేస్త్రి సోమాచారి ఆమెకు మేనమామ వరస. కుసిని రెండుసార్లు తీసి పెట్టి చూసి, “మీ నాయిన సూస్తె ఒక్క తిట్టు తక్కువ తిట్టేటోడు బిడ్డా” అన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతవరకే పోతుంది.

సరిగ్గా అప్పుడే సంస్థకు ‘సున్నా తేడా’ పట్టుకుంది. రాజధానిలో ఎవరో పెద్దాయన ఏదో సదస్సుకు పోయి వచ్చారు. వచ్చిన వారానికి సున్నా తేడా పక్షోత్సవాలు మొదలయ్యాయి. గోడల మీద పెద్ద పెద్ద సున్నాలు గీశారు. రోజూ పొద్దున పనివాళ్లంతా కుడిచేయి చాచి, “తేడాను సహించను, తేడాను దాచను, తేడాగా ఉండను” అని ప్రతిజ్ఞ చేశారు. దాంతోపాటు ఒక నియమం వచ్చింది. ప్రతి ఫర్మానీ ప్రమాణాల అధికారి ధ్రువీకరించి ముద్ర వేయాలి. ముద్ర పడ్డాక దానికి ఏదీ చేర్చకూడదు, దానినుంచి ఏదీ తీసివేయకూడదు.

ఈ పక్షోత్సవాల మధ్యన దసరా పడింది.

మహర్నవమి నాడు సోమాచారి ఆయుధపూజ చేశాడు. ఉలులు, చిత్రికలు, రంపాలు, రౌటర్, దాని పక్కన కొత్త ఫర్మా. అన్నింటికీ పసుపూ గంధమూ పూసి, కుంకుమ పెట్టి, అక్షింతలు చల్లాడు. ఫర్మా కొత్తది కాబట్టి దానికి మర్యాద ఇంకొంచెం ఎక్కువ జరిగింది. సోమాచారి బొటనవేలు చిన్నది కాదు, ఆయన పెట్టే బొట్టూ చిన్నది కాదు. ఆనుడు పట్టీ కుడి కొసన పడిన గంధపు ముద్దలో ఒక అక్షింత గింజ అతుక్కుని ఎండిపోయింది.

దీనిలో తప్పేమీ లేదు. ఏటా జరిగేదే. పండుగ మర్నాడు ఉద్వాసన చెప్పి, పనిముట్లను కాస్త కదిలించి, తడిగుడ్డతో తుడిచి పనిలోకి దిగుతారు. తాతల కాలం నుంచీ అంతే. ఈసారి ఆ మర్నాడు పదకొండింటి వరకూ వర్జ్యం ఉందని సోమాచారి గోడ గడియారం కింద కూర్చున్నాడు.

పదీ పదికి ప్రమాణాల అధికారి విద్యానందం దిగారు. పక్షోత్సవాలకు అదే ఆఖరి రోజు. సాయంత్రంలోగా జిల్లాకొక ముద్ర పడాలి. లక్క, దారం, సన్న కుంచె, వార్నిషు డబ్బా వెంట తెచ్చుకున్నారు.

“జెర ఆగుండ్రి సార్, తుడిచి ఇస్త,” అంది కాళిక గుడ్డ తడుపుతూ.

“తుడవడం అనగా?”

“గా పసుపు, గంధం సార్. పట్టీ మీద గింజ కూడ అతుక్కుంది.”

విద్యానందం కళ్లజోడు సవరించుకున్నారు. “అమ్మా, తనిఖీ అధికారి ఆవరణలో అడుగుపెట్టిన క్షణమున పరికరము ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితియే యథాస్థితి. తుడుచుట అనునది పదార్థ తొలగింపు కిందకు వచ్చును.”

“పదకొండు గొట్టంగనే ఉద్వాసన జెప్త సార్,” అన్నాడు సోమాచారి. “అప్పటిదాంక అమ్మవారు ఆడనే ఉన్నట్టు లెక్క.”

“ఉన్నారు గదా? మంచిది. ఉన్నట్టే నమోదు చేద్దాం.”

మేనేజరు నరహరి ఇద్దరి మధ్యా నిలబడి నవ్వడానికి ప్రయత్నించాడు. ఆయన మంచివాడే. సంతకం పెట్టే వేళ్లు తప్ప ఒళ్లంతా ధైర్యమే. విద్యానందం పలకను పైనుంచి కొలిచారు, గాడిని కొలిచారు. పట్టీ అడుగున ఉంది కాబట్టి వంగాల్సి వస్తుందని దాన్ని కొలవలేదు. లక్క ముద్ర కొట్టి, ‘శాశ్వత పరిరక్షణార్థం’ పలక మీదా పట్టీ మీదా రెండు పూతల వార్నిషు వేయించారు. పసుపూ, గంధమూ, కుంకుమా, గింజా అద్దం కింద పటంలా మెరిశాయి. తేడా అన్న గడిలో సున్నా రాశారు. ఫొటో దిగారు. రాష్ట్రంలో ధ్రువీకరణ పొందిన మొట్టమొదటి ఫర్మా అది.

మొదటి బల్ల మూడు కాళ్ల మీద నిలబడింది.

కాళిక చేతితో నొక్కింది. టక్. అవతలి వైపు నొక్కింది. టక్. సోమాచారి వంగి, పట్టీ కొసన వార్నిషు కింది గింజను వేలితో తడిమాడు. తర్వాత, “నా బొట్టే గదా బిడ్డా” అన్నాడు చిన్నగా.

“నీ బొట్టు మంచిదే మామా. దాని మీద సారు బొట్టు పడ్డది.”

ఆమె ఊరుకోలేదు. గింజంత మందం బద్ద చీల్చి పట్టీ రెండో కొసన అతికించింది. బెజ్జం సరిగ్గా పడింది. వారంలో విద్యానందం వచ్చి చూసి, “ఇది చేర్పు” అని పీకించారు. చేత్తోనే తొలుస్తానని ఉలి తీసింది. యంత్రం మంజూరైన చోట చేతిపని నిషిద్ధమని కాగితం చూపించారు. ధ్రువీకరించిన ఫర్మా మీద రోజుకు రెండు బల్లలు దిగి తీరాలని ఇంకో కాగితం వచ్చింది. బల్లలు దిగుతూనే ఉన్నాయి, ఊగుతూనే ఉన్నాయి. అడ్డకర్రలు బిగించే జిగురు మాత్రం స్టోరు నుంచి మంజూరు కాలేదు. వట్టి వెదురు మేకులతో నిలబెట్టారు. జిగురు పడలేదు గనుక ఆ అతుకుల్ని ఎప్పుడైనా ఊడదీయొచ్చు. ఈ మొత్తం వ్యవహారంలో సంస్థ చేసిన మేలు ఆ ఆలస్యం ఒక్కటే.

కాళిక నివేదిక రాసింది. ‘ఫర్మా ఆనుడు పట్టీ మీద అక్షింత గింజ ఉంది. అందుకని బల్ల ఊగుతోంది. గింజ తీసేస్తే ఊగదు.’ మూడు వాక్యాలు. దానికి పద్నాలుగు పేజీల జవాబు వచ్చింది. ఫర్మాలో తేడా సున్నా అని రుజువైపోయింది గనుక, తేడా ఫర్మాలో ఉండే అవకాశం లేదు. కాబట్టి అది మరెక్కడో ఉంది. బల్ల కింద ఉండేది నేల. నేలను ఎవరైనా ధ్రువీకరించారా?

నవంబరులో నేల మిషను వచ్చింది. విద్యానందం దగ్గరుండి ఒక బల్ల పెట్టించి, అది ఊగడం మానేవరకూ వర్క్‌షాపు గచ్చును అరగదీయించారు. మూడు రోజులు తెల్లదుమ్ము. మూడో రోజు సాయంత్రం ఆ బల్ల, ఆ చోట, ఆ దిక్కుకు తిప్పి పెడితే కదలకుండా నిలబడింది.

“చూశావా అమ్మా?”

“చూసిన సార్. ఇగ నా రౌటర్ బల్ల ఊగుతుంది. మేనేజర్ సారు కుర్చీ కూడ ఊగుతుంది.”

“అవి ధ్రువీకరణ లేని వస్తువులు.”

నరహరి ఆ రోజు నుంచి గోడకు ఆనుకుని సంతకాలు పెట్టాడు.

డిసెంబరుకల్లా కోనంపేట ఆదర్శ యూనిట్ అయింది. మొదటి ముద్ర అక్కడిది మరి. రాష్ట్రంలోని ఫర్మాలన్నీ కోనంపేట ఫర్మాతో అణువణువూ సరిపోలాలని సర్క్యులర్ పోయింది. ‘ఆనుడు పట్టీ కుడి కొస నుండి ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల దూరమున గంధ లేపనము, అందు తండులము ఒకటి (1), తూర్పు ముఖముగా’. పై జిల్లా యూనిట్ వాళ్లు ఫోన్ చేశారు. సన్నబియ్యమా, దొడ్డుబియ్యమా? సంస్థ ఆలోచనలో పడింది. ఒక ఉపసంఘం వేసింది. ఉపసంఘం కోనంపేట వచ్చి, వార్నిషు మీద భూతద్దం పెట్టి గింజను రెండు గంటలు చూసింది.

“మేస్త్రి గారూ, ఇది ఏ రకపు బియ్యం?” అని అడిగారు సోమాచారిని.

“రేషన్ బియ్యం సార్.”

“ప్రత్యేకించి ఎంపిక చేసితిరా?”

“గిన్నెల చెయ్యి పెట్టిన. వచ్చింది.”

‘సంప్రదాయ యాదృచ్ఛిక పద్ధతి’ అని ఉపసంఘం రాసుకుంది. మిగతా యూనిట్ల మేస్త్రీలకు గిన్నెలో చెయ్యి పెట్టడంలో రెండు రోజుల శిక్షణ ఇవ్వాలని, అందుకు సోమాచారిని లేపన నిపుణుడిగా నియమించాలని సిఫార్సు చేసింది. సోమాచారి ఆ ఉత్తర్వు చదివించుకుని, “నేను నలభై ఏండ్లు చిత్రిక పడితె ఎవ్వడు అడగలే. బొట్టు పెడితె నిపుణుణ్ణయిన” అన్నాడు.

జనవరిలో నూట ఇరవై బల్లలూ బడికి చేరాయి. కాళిక వెంట పోయింది. ఆమెను రమ్మని ఎవరూ అనలేదు. ఊగితే నన్నడుగు అన్న మనిషి కాబట్టి పోయింది. తరగతి గదిలో ఒక బల్ల మీద సువర్ణ టీచర్ చెయ్యి ఆనించింది. టక్. టీచర్ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేదని కాళికకు అనిపించింది.

“బడి నేలను కూడ అరగదీస్తమంటున్నరంట?” అంది టీచర్ చివరికి.

“ఆ ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది,” అన్నారు విద్యానందం. ఆయనా బల్లల వెంట వచ్చారు. “ప్రస్తుతమునకు అంతకన్నా సులభోపాయము కలదు. ఊగుట అనునది బరువుల అసమానత వలన జరుగును. బల్ల యొక్క ఇరు కొసలా సమాన బరువు గల విద్యార్థినులను కూర్చుండబెట్టినచో ఊగదు.”

“పరీక్షల పిల్లలు హాల్‌టికెట్ నంబర్ల వరుసల కూసుంటరు సార్. తూకం వరుసల కాదు.”

“హాల్‌టికెట్ల జారీకి ముందే తూకము వేయించవలసినదిగా సంబంధిత శాఖకు రాసెదము.”

వెనక వరుసలోంచి ఒక పిల్ల లేచింది. “సార్, అన్నం తిన్నంక మళ్ల తూస్తరా? నేను మస్తుగ తింట.”

క్లాసంతా ఘొల్లున నవ్వింది. విద్యానందం నవ్వలేదు. ‘భోజనానంతర తేడా’ అని పుస్తకంలో రాసుకున్నారు.

తిరిగి వస్తూ కాళిక గేటు దగ్గర ఆగింది. “టీచర్, ఇరవై నాలుగుకు నిలబడే బల్లలుంటయి.”

“ఎట్ల?”

“అది నాకిడిసిపెట్టు.”

ఫిబ్రవరి పద్నాలుగున విద్యానందం నెలవారీ తనిఖీకి వచ్చారు. చాటుగా చేయొచ్చు. కాళికకు ఆ ఆలోచన రాకపోలేదు. కానీ చాటుగా చేస్తే మళ్లీ ఎవడో వచ్చి గింజ అతికిస్తాడు. అందుకని ఆయన ఎదుటే ఫర్మాను బల్ల మీద పెట్టింది. పక్కన బడి నుంచి తెప్పించిన ఊగే బల్ల ఒకటి పెట్టింది. సన్న ఉలి తీసింది.

“మామా, వర్జ్యముందా ఇయ్యాల?”

“లేదు బిడ్డా.”

“మరి చెప్పు.”

సోమాచారి చేతులు కడుక్కుని వచ్చాడు. కళ్లు మూసుకుని నాలుగు నెలల నుంచి నోట్లోనే ఉండిపోయిన ఉద్వాసన మంత్రం చెప్పాడు. ఫర్మాను రెండు చేతులా పట్టి, ఉత్తరం వైపు వేలెడంత జరిపి, “పోయిరా తల్లీ, ఆలస్యమైంది, ఏమనుకోకు” అన్నాడు.

“ఇది స్థానచలనం!” అని కేక వేశారు విద్యానందం. “నరహరి గారూ, ఇది అనధికార స్థానచలనం!”

నరహరి గోడకు ఆనుకుని ఉన్నాడు. అక్కడి నుంచి కదలలేదు. అది ఆయన జీవితంలో చేసిన అతి పెద్ద సాహసం.

కాళిక ఉలి మొన వార్నిషు కింద దూర్చింది. ఒక్క పొర లేచింది. గింజ టపీమని ఎగిరి విద్యానందం ఫైలు మీద పడింది. ఆమె పట్టీని గుడ్డతో తుడిచింది. ఊగే బల్ల మేకులు తట్టి అడ్డకర్రలు ఊడదీసింది. పాత బెజ్జాల్లో చెక్క ముక్కలు దిగగొట్టి చదును చేసింది. కాలిని పట్టీకి ఆనించి బిగించి రౌటర్ నడిపింది. నాలుగు బెజ్జాలు. అరగంట. కుసి అరచేత్తో నొక్కితే దిగింది.

గచ్చు అరగని మూల చూసి బల్లను నిలబెట్టారు. నరహరి గోడను విడిచి వచ్చాడు. నిండుగా ఉన్న తన చాయ్ గ్లాసు దాని మీద పెట్టి, బల్లను రెండు చేతులా ఊపబోయాడు. చాయ్ అంచు దాటలేదు. “నిలబడ్డది” అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

విద్యానందం అప్పుడు కొలబద్ద తీశారు. తమ ఉద్యోగ ధర్మాన్ని ఆయన ఎంత శ్రద్ధగా చేస్తారో చూడండి. చెక్క దిగగొట్టిన పాత బెజ్జం అంచు కొలిచారు, కొత్త బెజ్జం కొలిచారు, మళ్లీ కొలిచారు.

“ధ్రువీకృత బెజ్జమునకూ దీనికీ ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా వచ్చుచున్నది.”

“అవు సార్. గంతనే గింజ.”

“సున్నా తేడా యూనిట్‌లో ఇది మొదటి తేడా. రాష్ట్రంలోనే మొదటిది.” ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన బాధ ఉంది. “నాలుగు నెలల పాటు ఒక్క తేడా లేదు. ఏ బల్ల చూసినా ఒకటే ఊగు. ఎంత చక్కగా ఉండేది!”

“సార్, పరీక్ష రాసే పిల్లకు ఊగెందుకు సార్?”

ఆయన దానికి జవాబు కోసం నియమావళి తిరగేశారు. మెమో ఒకటే ఉంది. ఆ సాయంత్రమే ఇచ్చారు. ముద్ర భంగం, పదార్థ తొలగింపు, అనధికార ఉద్వాసన. కాళిక తదుపరి ఉత్తర్వుల వరకూ రౌటర్ ముట్టరాదు. ఫర్మాను ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. గింజను కవరులో పెట్టి సీలు చేశారు. ఉద్వాసన చెప్పే అధికారం ఏ హోదా వారికి ఉంటుందో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ మార్చి మూడోవారంలో సమావేశమవుతుంది. ఆ వారమే పరీక్షలు.

ఇదీ సంగతి. ఇక చేయాల్సింది వినండి.

ఇవాళ పదిహేనో తేదీ. పరీక్ష సెంటర్ తనిఖీకి వచ్చేది ఇరవై నాలుగున. మధ్యలో ఎనిమిది రోజులున్నాయి. కాళిక లెక్క వేసి చెప్పింది, రోజుకు పదిహేను బల్లలు సరిచేస్తుందట, సోమాచారి పక్కన ఉంటాడట. ఎనిమిది పదిహేనులు నూట ఇరవై. ఒక్క రోజూ మిగలదు. మీరు ఒక పూట ఆలోచించి, ఒక పూట సంతకం వెతికితే, అక్కడికి పదిహేను బల్లలు పోయినట్టే. ఆ బల్లల మీద కూర్చోవాల్సిన పిల్లలు చీకటితో లేచి, రాని బస్సు కోసం రోడ్డు మీద నిలబడతారు. ఎందరు తిరిగి ఇంటికి పోతారో పోయినేటి లెక్క మీ దగ్గర ఉండకపోవచ్చు. సువర్ణ టీచర్ దగ్గర ఉంది, పేర్లతో సహా.

కాబట్టి రేపు పొద్దున తొమ్మిదింటికి బీరువా తెరవండి. ఫర్మాను కాళిక చేతికివ్వండి. మెమో చింపండి. స్టోరు నుంచి జిగురు పంపండి. ఎనిమిది రోజులు ఆ వర్క్‌షాపు గడప తొక్కకండి.

గింజ కావాలంటే మీరే ఉంచుకోండి.